మూడు గదుల్లో ఒక మనిషి

ఆ ఆఫీసులో బ్రష్షక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఊరి చివరి దిబ్బ మీద తవ్వకాల్లో దొరికిన ప్రతి ముక్కనీ పాత పళ్ళ బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, నంబరు వేసి ఎవరి గదికి వాళ్ళది పంపడం ఆమె పని. కుండ పెంకులు పెంకుల సారుకి, ఎముకలు ఎముకల మేడంకి, తుప్పు పట్టిన ఇనుము లోహాల సారుకి, మట్టి సంచులు గింజల పిల్లకి. ఒకరి గదిలోకి ఒకరు పొరపాటున కూడా తొంగిచూడరు. "తవ్వేది ఒకే గొయ్యి. పంచుకునేది మాత్రం పడని అన్నదమ్ముల్లాగా" అని బ్రష్షక్క వాళ్ళ మొహం మీదే అనేది. వాళ్ళు నవ్వి మళ్ళీ తలుపులు వేసుకునేవారు.

పోయిన నెల ఆమె చేతికి ఒక అస్థిపంజరం వచ్చింది. చుట్టూ దొరికిన పెంకుల్ని బట్టి రెండు వేల ఏళ్ళ నాటిదని పెంకుల సారు తేల్చేశాడు. మట్టి పొరలు చూసే ఆయన ఒక్కడే నసిగాడు. "మట్టి గుల్లగా ఉంది సార్. ఇదివరకే ఎవరో తవ్వి పూడ్చినట్టుంది."

"పెంకు అబద్ధం చెప్పదయ్యా" అని పెంకుల సారు ఆ మాట కొట్టిపారేశాడు. పాత పెంకులున్న మట్టితోనే గొయ్యి పూడిస్తే పెంకులు మళ్ళీ అందులోకే చేరతాయన్న సంగతి ఆ పూట ఎవరికీ తట్టలేదు.

పుర్రె కడుగుతూ బ్రష్షక్క, "ఏం తాతా, పళ్ళు తోముకుని ఎన్నాళ్ళయింది?" అని పరాచికాలాడింది కూడా. దవడ పళ్ళకి గట్టిగా కరుచుకున్న మట్టిని మాత్రం ముట్టుకోలేదు. అది మేడం సూదితో తీసుకోవాల్సిందే.

వారం తిరిగాక ఒకరోజు పదకొండు గంటలకి ఎముకల మేడం గదిలోంచి కేక వినిపించింది. ఎక్కడివాళ్ళు అక్కడ పని వదిలేసి పరిగెత్తారు. భూతద్దం కింద దవడ ఎముక ఉంది. దాని వెనక పన్నులో బూడిదరంగు ముద్ద మెరుస్తోంది.

"పిప్పిపన్నుకి డాక్టరు నింపింది సార్ ఇది! మిషనుతో తొలిచిన గుంట!"

"రెండు వేల ఏళ్ళ..." అని మొదలుపెట్టి పెంకుల సారు నోరు మూసుకున్నాడు. గింజల పిల్ల గోడకి ఆనుకుంది. అందరికంటే ముందు కదిలింది లోహాల సారు. తన గదికి వెళ్ళి ఎక్స్‌రే ఫిల్ము పట్టుకొచ్చాడు. అస్థిపంజరం నడుము దగ్గర దొరికిన తుప్పు ముద్దది. కత్తి పిడి అనుకున్నాడట, ఫిల్ము వచ్చి రెండు రోజులైనా చూడలేదట. కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు.

ఒక రింగు. దానికి మూడు తాళంచెవులు.

బ్రష్షక్క ఫిల్ముకి దగ్గరగా వచ్చింది. మూడో చెవికి మెడ దగ్గర వంకర ఉంది. తాళం రాక ఆమె బలం కొద్దీ తిప్పితే వంగిన చెవి అది. ఆమె భర్త దాన్ని రాయి మీద పెట్టి కొట్టి, సగమే సరిచేయగలిగాడు. "నీ కోపానికి ఇనుము కూడా ఆగదే" అని నవ్వాడు ఆ రోజు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె భర్త ఆ దిబ్బ మీదే వాచ్‌మన్. ఒక వానరోజు డ్యూటీకి వెళ్ళి తిరిగి రాలేదు. ఎవరితోనో లేచిపోయాడన్నారు. జాలిపడి ఆమెకి ఈ పని ఇచ్చారు. ఆయన్ని దుమ్మెత్తిపోయని రోజు లేదు ఆమెకి. పోయినేడు కూతురైతే, పెళ్ళి కార్డు మీద నాన్న పేరు వేస్తే పెళ్ళే వద్దంది.

"ఇది మా ఇంటి తాళంచెవి సార్" అంది బ్రష్షక్క.

ఆ మాటకి పెంకుల సారు కూలబడిపోయాడు. ఆ ఏడు తవ్వకం నడిపించింది ఆయనే.

"ఆ మర్నాడు పొద్దున వచ్చేసరికి గొయ్యి గోడ కూలిపోయి ఉందమ్మా. అసలే సీజను ఆఖరు. ఎలాగూ పూడ్చాల్సిందే కదా అని పూడ్పించేశాను. ఈసారి తవ్వేటప్పుడు ఆ పాత గొయ్యి ఇంకా పది అడుగులు అవతల ఉందనుకున్నాను. మీ ఆయన పారిపోయాడని రిపోర్టు రాసింది కూడా నేనే."

"కూలిన గోడ కింద చూడలేదా సార్?"

"పెంకులు తడిసిపోతున్నాయని... ముందు వాటిని లోపల పెట్టించాను."

బ్రష్షక్కకి ఆయన మీద కోపం కూడా రాలేదు, అంత దూరం ఇంకా ఆమె మనసు చేరలేదు. తన చేతుల వంకే చూసుకుంటోంది. ఈ చేతులతోనే కడిగింది. తాతా అంది. మేడం కుర్చీ జరిపితే కూర్చోలేదు, నిలబడే కూతురికి ఫోను చేసింది.

"ఏంటమ్మా, ఈ టైములో?"

"మీ నాన్న దొరికాడే."

కూతురి గొంతు కరుకుగా వచ్చింది. "ఎక్కడున్నాడట ఇన్నాళ్ళూ? ఎవరితో ఉన్నాడట?"

"ఎక్కడికీ పోలేదే తల్లీ" అంది బ్రష్షక్క. "పద్దెనిమిదేళ్ళూ డ్యూటీలోనే ఉన్నాడు."