మెయిలమ్మ నోరు విప్పని అరగంట

ఆ రక్తపరీక్షల సంస్థలో పద్నాలుగేళ్ళుగా మెయిల్ సర్వర్ చూసుకుంటున్న ఆవిడను అందరూ మెయిలమ్మ అనేవారు. ఎవరు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఏ డాక్టరుకు రిపోర్టు అందకపోయినా ముందు ఆవిడకే ఫోను. "మెయిలమ్మ సెలవు పెడితే సర్వర్ కూడా పెడుతుంది" అని ఆఫీసులో ఓ జోకు. విన్నప్పుడల్లా విసుక్కునేది గానీ, ఎవరూ అనని రోజు ఆవిడకు వెలితిగా ఉండేది.

ఆ పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. దాన్ని నడిపేవాళ్ళకు ఒక రోజు శిక్షణ అన్నారు. అమ్మిన కంపెనీ నుంచి ఎవరో వస్తారన్నారు. ఆ వచ్చేది తన తోడికోడలేనన్న సంగతి ముందురోజు భోజనాల దగ్గర అత్తగారి నోట తెలిసింది.

"రేపు చిన్నది మీ ఆఫీసుకే పాఠం చెప్పడానికి వస్తోందటగా! నువ్వూ కూర్చుంటావా?"

"కూర్చోక ఎక్కడికి పోతాను అత్తయ్యా" అంది మెయిలమ్మ. ఆ పూట అన్నం సయించలేదు.

ఆరేళ్ళ క్రితం ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు చిన్నకోడలికి మెయిలంటే రాయడం, పంపడం తప్ప ఏమీ తెలియదు. మెయిలమ్మే పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించింది. "అక్కా, ఇదేంటి? అక్కా, అదేంటి?" అంటూ కొంగు పట్టుకు తిరిగిన పిల్ల ఇప్పుడు తనకే పాఠం చెబుతుందట!

మర్నాడు శిక్షణ గదిలో పదిమంది కూర్చున్నారు. మెయిలమ్మ ముందు వరసలో కూర్చోలేక, వెనక్కి పోలేక మధ్యలో సర్దుకుంది. చిన్నకోడలు నవ్వుతూ "నమస్తే మేడమ్" అంటే ఎగతాళి చేసినట్టనిపించింది. కాసేపటికి నోరు జారి "అక్కా" అంటే నలుగురిలో చనువు ప్రదర్శిస్తోందనిపించింది. ఏ పిలుపూ గిట్టలేదు.

పాఠం బాగుంది. అదే బాధ. చివరి వరసలో ఎప్పుడూ కునుకు తీసే సెక్యూరిటీ విభాగం పెద్దాయన కూడా నిటారుగా కూర్చుని రాసుకుంటున్నాడు. మెయిళ్ళు వరసలో ఎందుకు ఆగుతాయో చెబుతూ ఆమె, "బస్సు తలుపు దగ్గర ఒకడు చిల్లర కోసం జేబులు తడుముకుంటుంటే వెనక యాభైమంది ఆగరూ? అదే" అంది. గది గొల్లుమంది.

మెయిలమ్మ నవ్వలేదు. ఆ మాట తనది. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టి ఆమెకు నేర్పిన రోజున తను చెప్పిన మాట. గుండెలో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

పదకొండు గంటలకు నియమాల పాఠం మొదలైంది. ఏ మెయిలు వెళ్ళాలో, ఏది ఎవరైనా చూసేదాకా ఆగాలో సర్వర్‌కు ముందే చెప్పి పెట్టడం అన్నమాట. ఉత్తుత్తి సర్వర్ మీద కాదు, తమ అసలు సర్వర్ మీదే చూపించమని మేనేజరు పట్టుబట్టాడు. "జతచేసిన ఫైలుతో బయటికి పోయే మెయిళ్ళను ఆపుదాం. ఈ గదిలో ఉన్నవాళ్ళకు మాత్రమే" అంటూ చిన్నకోడలు ఒక నియమం రాసి, నొక్కి, తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయింది.

కానీ "ఈ గదిలో ఉన్నవాళ్ళకు" అన్న గడిని ఎంచుకోవడం మరిచిపోయింది. నియమం సంస్థ మొత్తానికీ పట్టింది.

పదకొండు పన్నెండుకు మెయిలమ్మ తెర మీద హెచ్చరిక మెరిసింది. తెరిచింది. బయటికి వెళ్ళాల్సిన మెయిళ్ళు అరవై ఒకటి ఆగిపోయాయి. ఒక్క చూపులో తప్పెక్కడుందో తెలిసిపోయింది. చెయ్యెత్తబోయింది. సరిగ్గా అప్పుడే మేనేజరు, "ఇంత తేటగా మాకెవరూ ఎప్పుడూ చెప్పలేదమ్మా" అన్నాడు.

ఎత్తబోయిన చెయ్యి ఒళ్ళోకి దిగింది. మెయిలమ్మ హెచ్చరికను మూసేసింది. 'ఐదు నిమిషాలు. కాస్త తడబడనీ' అనుకుంది.

ఐదు నిమిషాలు అరగంటయ్యాయి. గది బయట ఫోన్లు మోగసాగాయి. రిసెప్షనిస్టు తలుపు తోసుకొచ్చింది. "ఒక్క రిపోర్టూ పోవట్లేదంట! ఆపరేషన్ గదిలో డాక్టరు చిందులు తొక్కుతున్నాడు!"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. మెయిలమ్మ లేచి వెళ్ళి, నాలుగు నొక్కులతో నియమం తీసేసి, ఆగినవన్నీ వదిలింది. "ఎంతైనా మెయిలమ్మ మెయిలమ్మే!" అన్నారంతా. తను కోరుకున్నదదే. నోట్లో మాత్రం చేదుగా ఉంది.

రిపోర్టు అందేసరికి ఆపరేషన్ గదిలో తన వంతు దాటిపోవడంతో ఆ డాక్టరు ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశాడని తర్వాత తెలిసింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మంచం మీదున్న ముసలాయన్ను తిరిగి వార్డుకు తీసుకెళ్ళారట.

మధ్యాహ్నం ఆఖరి పాఠం, సర్వర్ రాసుకునే చిట్టా. ఎవరు, ఎప్పుడు, ఏం తెరిచారో అంతా అందులో ఉంటుంది. చిన్నకోడలు పొద్దుటి చిట్టానే తెరిచి తన తప్పు తనే చూపించింది. "పదకొండు తొమ్మిదికి నేను చేసిన పొరపాటు ఇది." కింది వరస చూసి ఒక్క క్షణం ఆగింది. పదకొండు పన్నెండు, హెచ్చరిక తెరిచింది మెయిలమ్మ. చకచకా పేజీ జరిపేసింది. ఇంకెవరూ గమనించలేదు.

అందరూ వెళ్ళాక గదిలో ఇద్దరే మిగిలారు.

"చూశావు కదక్కా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

మెయిలమ్మకు అబద్ధాలు చాలానే తోచాయి. "నువ్వు బోర్లా పడితే చూడాలనిపించింది" అంది.

"నన్నేమన్నా అంటే పడేదాన్ని. ఆ ముసలాయనేం చేశాడు?" చిన్నకోడలు లాప్‌టాప్ మూసేసింది. "నేను ఎవరికీ చెప్పను. కానీ నాతో ఇప్పుడేం మాట్లాడకు."

ఆ మంచితనం చూసి కూడా మెయిలమ్మకు ఒళ్ళు మండింది. 'దీంట్లోనూ నాకంటే పైనే ఉండాలా!' అనుకుంది. విసురుగా లేచి తిన్నగా మేనేజరు గదికెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఇన్నేళ్ళలో మీ నుంచి ఇది ఊహించలేదు" అన్నాడాయన. మూడు నెలలు అసలు సర్వర్ తాళాలు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. మెయిలమ్మ పాస్‌వర్డ్‌లు మార్చే బల్ల దగ్గర కూర్చుంది. జోకులు ఆగిపోయాయి.

ఇంట్లో తోడికోడళ్ళ మధ్య మాటలు "ఆ గిన్నె ఇలా ఇవ్వు" దాకా వచ్చి ఆగేవి. ఏమైందని అత్తగారు ఎంత గుచ్చినా ఇద్దరూ పెదవి విప్పలేదు.

ఒక సాయంత్రం చిన్నకోడలికి ఉద్యోగంలో పెద్ద హోదా వచ్చింది. భోజనాల దగ్గర అత్తగారు ఆ వార్త చెప్పగానే మెయిలమ్మ సగం అన్నం వదిలేసి లేచింది. చెయ్యి కడుక్కుని తోడికోడలి గది గుమ్మంలో నిలబడింది.

"వినగానే కడుపు మండింది నాకు. అబద్ధమాడను. అయినా నువ్వు పాఠం బాగా చెప్తావే. నాకంటే బాగా."

మడతపెడుతున్న బట్టలు అలాగే పట్టుకుని చిన్నకోడలు ఆమె వంక తేరిపార చూసింది. తర్వాత మంచం మీది బట్టల కుప్పను పక్కకు నెట్టి, కూర్చోమన్నట్టు చోటిచ్చింది.