ప్రారబ్ధమంటే ఏంటండీ?

భర్త పోయాక కుట్టు కొట్లో ఆమెకు మిగిలింది బొత్తాల డబ్బా. గుడ్డ కత్తిరించే బల్ల మరిది పాలైంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆయన పేరు చెప్పుకుని బయటికెళ్లిన కోట్లలో సగం ఆమె కత్తిరించినవే. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, నోరు విప్పేవాళ్లే లేరు.

బల్ల అడిగినప్పుడల్లా అత్తగారిది ఒకటే మాట. "ఏం చేస్తాం అమ్మాయ్, నీ ప్రారబ్ధం." తలుపు మూసి గడియ పెట్టినట్టు అనేది ఆవిడ. వింటే కోడలికి ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం సంస్కృతం మాస్టారు కోటు గుడ్డ పట్టుకొచ్చారు. మరిది భోజనానికి వెళ్లాడు. ఆమే కొలతలు తీస్తూ, ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ప్రారబ్ధమంటే ఏంటండీ? నోర్మూసుకుని పడుండమనా?"

మాస్టారు చేతులు చాపి నిలబడే నవ్వారు. "ఎవరమ్మా చెప్పింది? మొదలైపోయింది అని అర్థం. ఆరంభం, ప్రారంభం, ప్రారబ్ధం, ముగ్గురూ ఒక తల్లి పిల్లలే. ఎప్పుడో చేసిన పనుల ఫలం ఇప్పుడు అనుభవానికి రావడం మొదలైంది గనక ఆ పేరు. పడుండమన్నది జనం తగిలించిన తోక."

"చేసిందెవరట?"

"ఇంకెవరు, నువ్వే."

ఇన్నాళ్లూ ఈపాటి మాటకా తను తల వంచింది! చేసింది తనే అయితే, ఇప్పుడు మొదలుపెట్టాల్సిందీ తనే. ఆమెకు కోపమూ సంతోషమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

మామగారి కాలం నుంచీ ఆ కొట్లో ఒక కట్టుబాటుంది. గుడ్డకి మొదట ఎవరు కత్తెర పెడితే, ఆ బట్ట ఆఖరిదాకా వాళ్లదే. రెండో చెయ్యి పడితే భుజం కుదరదని ఆయన నమ్మకం. కన్నకొడుకులనైనా వేలు పెట్టనిచ్చేవారు కాదు.

మాస్టారు గడప దాటగానే ఆమె బల్ల మీద గుడ్డ పరిచింది. సుద్దతో గీసింది. కత్తెర పెట్టింది.

మరిది వచ్చేసరికి వీపు ముక్క వేరుపడింది.

"వదినా! ఎవర్నడిగి కత్తెర పెట్టావ్?"

"ఎవర్నీ అడగలేదు."

అతను కత్తెర లాక్కోబోయాడు. కేకలు విని అత్తగారు లోపల్నుంచి వచ్చింది. గుడ్డ వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది.

"ఆగరా," అంది. "మీ నాన్నైతే ఆ గుడ్డ ముట్టుకునేవారా?"

మరిది మొహం మాడిపోయింది. "సరే, ఈ ఒక్కటీ కానీ. రేపట్నుంచి మాత్రం..."

"రేపు నీకంటే ముందొస్తా," అంది ఆమె. "జరుగు బాబూ, వెలుతురుకి అడ్డం."