సంబంధం లేని మాట

నాలుగు రోజులకి సరిపడా కూరలు వండి, చల్లార్చి, డబ్బాల్లో సర్ది, ఏది ఏ పూటకో మూతల మీద కాగితం ముక్కలు అంటిస్తున్నాను. నా భర్త వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, “ఇంతకీ ఏం నేర్పుతారు అక్కడ?” అని అడిగాడు. వరద వచ్చినచోట గుడారాలు ఎలా వెయ్యాలి, జనం తోసుకోకుండా తిండి ఎలా పంచాలి, గొడవలున్న చోట మనల్ని ఎవరైనా పట్టుకుపోతే ఎలా ఉండాలి, ఇలాంటివన్నీ అని చెప్పాను. “పట్టుకుపోతే ఎలా ఉండాలో కూడా నేర్పుతారా? నిన్ను పట్టుకుపోయినవాడు మర్నాడు వాడే తెచ్చి దిగబెడతాడు,” అని తన జోకుకి తనే నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే, నీకు సరదా కూడా తెలీదు అంటాడు, అది భోజనాలయ్యేదాకా సాగుతుంది. అత్తగారు ముందుగదిలోంచే, “నాలుగు రోజులూ వాడు ఫ్రిజ్జులో కూడు తినాలన్నమాట,” అన్నారు. ఆవిడ ఎప్పుడూ నాతో అనరు. గాలితో అంటారు, గాలి నాకు చేరవేస్తుంది.

నేను ఒక సహాయ సంస్థలో పనిచేస్తాను. ఎక్కడ వరదొచ్చినా, భూకంపమొచ్చినా వెళ్ళేవాళ్ళకి టికెట్లు, దుప్పట్లు, మందుల పెట్టెలు, గుడారాలు సర్ది పంపే పని నాది. వెళ్ళినవాళ్ళు ఎండకి నల్లబడిన మొహాలతో తిరిగొచ్చి సమావేశాల్లో మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడుతుంటే నేను టీలు సరిపోయాయో లేదో చూస్తాను. ఈసారి సరిహద్దు దగ్గరున్న శిబిరానికి మూడు నెలల పాటు ఒక బృందం వెళ్ళాలి. దాన్ని నడిపే మనిషి కావాలి. మా డైరెక్టరుగారు నా బల్ల దగ్గరికి వచ్చి, “అక్కడికి ఏం కావాలో నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకో, నిన్నే పంపిస్తాను,” అన్నారు. నాకు ఎంత ఆశ పుట్టిందంటే, బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ దాన్ని మొహంలో కనపడకుండా ఎలా దాచాలా అనే ఆలోచించాను. దాచలేకపోయాను కాబోలు. “శిక్షణకి వెళ్ళిరా, ముచ్చట తీరుతుంది. మూడు నెలల సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు నా భర్త. మా ఇంట్లో తర్వాత చూద్దాం అన్నవేవీ తర్వాత చూసింది లేదు.

శిక్షణ, నాలుగు రోజుల బస కూడా, ఊరి బయట మూతబడిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో. యంత్రాలన్నీ తీసేసినా గోడలకి చక్కెర వాసన ఇంకా పోలేదు. నేర్పే ఆయన ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ ఈల మేస్టారు అనేవాళ్ళు. మొదటి రెండు రోజులూ పాఠాలు నాకు హాయిగా ఉన్నాయి. శిబిరంలో మరుగుదొడ్లు ఎక్కడ కట్టాలి అని అడిగితే మాతో శిక్షణకి వచ్చిన నీళ్ళ ఇంజనీరు నేల వాలు గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. నా పక్కన కూర్చున్న నర్సు, “మగవాళ్ళు పేకాడుకునే చోటు దాటి వెళ్ళక్కర్లేకుండా కడితే చాలు సార్, వాలు సంగతి తర్వాత,” అంది. ఆమె నన్ను మొదటి పూట నుంచే అక్కా అని పిలిచింది. వేళకి నా ముందుకి కంచం రావడం, తిన్న కంచం వేరే ఎవరో తీసుకెళ్ళడం నాకు వింతగా ఉండేది. రెండుసార్లు అలవాటు కొద్దీ అందరి కంచాలూ పోగుచేశాను. ఈల మేస్టారు చూసి, “మీరు కూర్చోండమ్మా,” అన్నారు.

మూడో రోజు పొద్దున్న ఆయన మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. “ఇవాళ ఏదో ఒక సమయంలో మిమ్మల్ని పట్టుకుపోతారు. ముసుగుల్లో ఉండేది మా మనుషులే. అరుస్తారు, కట్టేస్తారు, కొట్టరు. నాటకమని తెలిసినా భయం మాత్రం నిజంగానే వేస్తుంది. ఇక చాలనిపిస్తే ఒక్క మాట అనండి. గొడుగు. అది వినపడగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. ఎందుకన్నారని ఎవరూ అడగరు. తర్వాతైనా అడగరు.”

“గొడుగేంటి సార్? ఆపండి అంటే చాలదా?” అన్నాడు నీళ్ళ ఇంజనీరు.

“చాలదు. వద్దు, ఆపండి, వదిలెయ్యండి, ఇవన్నీ బందీలు ఎప్పుడూ అనేవే. అవి ఆటలో కలిసిపోతాయి. ఎన్నిసార్లన్నా అవతలివాడి చెవికెక్కవు. అందుకే సంబంధం లేని మాట ఒకటి ఉండాలి.”

అందరూ రాసుకున్నారు. నాకు రాసుకోవాలనిపించలేదు. వద్దండీ, ఇవాళ కాదండీ, వాళ్ళ ముందు అలా అనకండీ అని నేను ఇంట్లో ఎన్నిసార్లు అనుంటానో లెక్క కట్టబోయి మానేశాను. అవి చెవికెక్కకపోవడానికి నా గొంతు చిన్నది కావడమే కారణం అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

ఎండ తగ్గాక మట్టిరోడ్డు మీద మా వ్యాన్‌కి అడ్డంగా ఒక దుంగ కనిపించింది. అంతే, కేకలు, తలుపులు బాదడం, తలలకి గోనెసంచులు. మమ్మల్ని ఒక గోదాములోకి తోసి, చేతులు వెనక్కి కట్టి, గోడకేసి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. నీళ్ళ ఇంజనీరు మీ పై అధికారి ఎవరో చెప్పండి అని గొంతు పెంచాడు. వాళ్ళు అంతకంటే పెంచారు. నాకు భయం వెయ్యలేదని చెప్పను. గుండె దడదడలాడుతూనే ఉంది. కానీ దడతో పాటే చెవులు వాటి పని అవి మొదలుపెట్టాయి. గేటు తీసిన చప్పుడుని బట్టి, చెప్పులు విడిచిన తీరుని బట్టి ఆ పూట ఏ మాట ఎత్తాలో ఏది ఎత్తకూడదో తేల్చుకునే మనిషిని నేను. సంచిలోంచి ఏమీ కనపడకపోయినా ఫర్వాలేదు. మడమలు ఈడ్చేవాడు ఊరికే అరుస్తాడు, వాడితో భయం లేదు. మెల్లగా నడిచేవాడు వాళ్ళకి పెద్ద. ఏదైనా అడగాల్సింది అతన్నే, అదీ అతను కూర్చున్నాక.

కుర్చీ కిర్రుమనేదాకా ఆగాను. “అయ్యా, మీరు ఇందాకటినుంచీ మమ్మల్ని బాగానే చూస్తున్నారు. ఈ అమ్మాయికి దాహంగా ఉంది. మీకు వీలైనప్పుడే,” అన్నాను. కాసేపటికి నర్సుకి నీళ్ళొచ్చాయి. ఊపిరాడక మేమెవరమైనా పడిపోతే మీకే ఇబ్బంది కదా అని ఇంకాసేపటికి అన్నాను. సంచులు వదులు చేశారు, అదీ తమకే తోచినట్టు. ఇంట్లో పడగ్గది కిటికీకి దోమతెర పెట్టించడానికి నేను పట్టిన దారి ఇదే. ముందు మెచ్చుకోవాలి, తర్వాత అడగాలి, ఆ ఆలోచన నా భర్తదే అనిపించాలి. దోమతెరకి ఒక వానాకాలం పట్టింది. గోదాములో పని త్వరగా అయింది.

చీకటి పడుతుండగా మా జట్టులోని కుర్ర డాక్టరు ఏడవడం మొదలుపెట్టాడు. ముందు వద్దు అన్నాడు. ప్లీజ్ అన్నాడు. అరుపులు ఆగలేదు. అప్పుడు, మాకే సరిగ్గా వినపడనంత చిన్నగా, గొడుగు అన్నాడు. లైట్లు వెలిగాయి. వదులైన సంచి అంచు కిందనుంచి నేను చూస్తున్నాను. మడమలు ఈడ్చేవాడు ముసుగు తీసేసి, డాక్టరు కట్లు విప్పి, సీసాతో నీళ్ళిచ్చి, “ఏం ఫర్వాలేదు డాక్టరుగారూ, కూర్చోండి,” అన్నాడు. వాళ్ళ పెద్ద వేషం వేసినాయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎవరూ విసుక్కోలేదు. ఇంతలోనే ఏమైంది, ఇదంతా నీ మంచికే కదా అని ఎవరూ అనలేదు. అరుపులు నాకు కొత్త కాదు. ఆగడం కొత్త. ఆ గోనెసంచిలో నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆట మళ్ళీ సాగింది, నేను చివరిదాకా ఉన్నాను.

మర్నాడు పొద్దున ఈల మేస్టారు మా వీడియో తెర మీద వేసి చూపించారు. “ఈమెని చూడండి. గొంతు పెంచలేదు. తల ఎత్తలేదు. అడిగేముందు మెచ్చుకుంది. మీకు వీలైనప్పుడే అంది. నేను ఇన్నేళ్ళుగా నేర్పుతున్నాను, మొదటిసారికే ఇంత సహజంగా చేసినవాళ్ళని చూడలేదు.” నావైపు తిరిగి, “ఇదివరకు ఎక్కడ పనిచేశారు మీరు? ఏ యుద్ధంలో?” అన్నారు.

“ఎక్కడా లేదండీ. ఆఫీసులోనే.”

“మరి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?”

నర్సు నావైపు వంగి, అందరికీ వినపడేలాగే, “పెళ్ళయి ఎన్నేళ్ళయిందక్కా?” అని అడిగింది. గదంతా ఘొల్లుమంది. ఈల మేస్టారూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి మానేశారు.

సామాన్లు సర్దుకుంటుంటే నన్ను పక్కకి పిలిచారు. తాడు బిగిసి కమిలిన నా మణికట్టు చూపించి, “ఇంత నొప్పి పెడుతుంటే గొడుగు అని ఎందుకనలేదు?” అన్నారు.

“అంతదాకా రాలేదండీ.”

“ఎంతదాకా వస్తే అంటారు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. వెతికాను.

“అన్నిట్లోనూ మీదే మొదటి స్థానం. కానీ సర్టిఫికెట్ ఇవ్వడానికి నాకు చెయ్యి రావడంలేదమ్మా,” అన్నారాయన. “తనకి ఎప్పుడు చాలో తెలీని మనిషి తన కిందవాళ్ళకి ఎప్పుడు చాలో ఎలా కనిపెడుతుంది? ఓర్చుకోవడం గొప్పే. మీ ఓర్పు చూసి వాళ్ళూ ఓర్చుకుంటారు, ఎవరో ఒకరు పోతారు. ఇంటికెళ్ళి ఆలోచించండి. అవసరమైనప్పుడు ఆ మాట అనగలను అని మీకు నమ్మకం కలిగితే రేపు ఫోన్ చెయ్యండి. సర్టిఫికెట్ పంపిస్తాను. లేకపోతే వద్దు. మీరు నాతో అబద్ధం చెప్పరనే నమ్మకం నాకుంది.”

బస్సులో కూర్చుంటే ఒళ్ళు మండింది. అందరికంటే బాగా చేసి పరీక్ష తప్పడమేమిటి? ఇన్నాళ్ళూ ఓర్చుకో, సర్దుకో అని పెంచి, ఓర్చుకోవడంలో ఇంత ఆరితేరాక అదే నా లోపం అంటారా? సగం దారి ఆయన్ని తిట్టుకున్నాను. మిగతా సగం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు.

ఇంట్లో సింకు నిండా అంట్లున్నాయి. ఫ్రిజ్జులో నా డబ్బాలు కాగితం ముక్కలతో సహా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బయటనుంచి తెప్పించుకున్నారట. “నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదోయ్,” అన్నాడు నా భర్త. అది మెచ్చుకోలు. దానికి జవాబుగా నేను అంట్లు తోమాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డిస్తున్నాను. “ముచ్చట తీరిందిగా,” అన్నాడతను. “మూడు నెలలంటే కుదరదని మీ డైరెక్టరుకి నేను చెప్తాలే. నువ్వు చెప్తే నీ మీద కోపమొస్తుంది. మగవాళ్ళం, మేం మాట్లాడుకుంటాం.” ఎడమచేత్తో ఫోన్ తీసి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

“వద్దండీ,” అన్నాను.

“నీకెందుకు, నేను చూసుకుంటాగా.”

“ఆగండి. నేను వెళ్దామనుకుంటున్నాను.”

“మాట్లాడనిస్తే ఏం, వాడు చెప్పేది మంచికే కదా,” అన్నారు అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా. అతని వేలు తెర మీద కదులుతూనే ఉంది. నంబరు దొరికినట్టుంది, వేలు ఆగింది. నేను గరిట గిన్నెలో పెట్టాను.

“గొడుగు.”

గట్టిగా అనలేదు. కుర్ర డాక్టరు అన్నంతే అన్నాను. నా భర్త వేలు గాల్లో నిలిచిపోయింది. అత్తగారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపారు. కిటికీవైపు చూసి, “వానేం లేదుగా,” అన్నారు.

“ఏంటి? గొడుగేంటి?” అన్నాడతను. అతని గొంతులో కోపం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను తర్వాత ఏం అంటానో అతనికి తెలియలేదు.

“ఇక్కడితో ఆపమని. ఫోన్ కింద పెట్టండి. మా ఆఫీసుకి ఎవరు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.”

అతను నవ్వబోయాడు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోతే తన జోకుని ఏం చేసుకోవాలో అతనికి తెలీదని అప్పుడే గమనించాను. ఫోన్ కంచం పక్కన పెట్టాడు. “ఏమైందిప్పుడు? నేనేమన్నానని?” అని ఒకసారి నన్నూ ఒకసారి వాళ్ళమ్మనీ చూశాడు. గోదాములో డాక్టరుకి తెచ్చినట్టు నాకు ఎవరూ నీళ్ళు తేలేదు. నేనే గ్లాసు నింపుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, మొత్తం తాగాను. పులుసు కావాలంటే గిన్నె అతనికి అందేంత దూరంలోనే ఉంది.

తర్వాత నా ఫోన్ తీసుకుని వరండాలోకి వచ్చి ఈల మేస్టారుకి చేశాను.

“అనగలనండీ,” అన్నాను. “ఇప్పుడే అనేసి వస్తున్నాను.”

ఎవరితో అన్నానో, ఎందుకన్నానో ఆయన అడగలేదు.