తెలివైన పిల్లల గది

ఎనభై తొమ్మిదిలో, దసరా సెలవులయ్యాక, బోధన్ పక్కనున్న ఓ సర్కారు బడిలో తెలివైన పిల్లలకని విడిగా ఒక గది పెట్టారు. ఉన్న లెక్కల సారు, ఇంగ్లీషు సారు ఆ గదికే. మిగతా పిల్లలకు రేకుల షెడ్డు, ఖాళీ కుర్చీ. ఏరడానికి పరీక్ష ఎప్పుడు పెట్టారనుకున్నారు? సరిగ్గా చెరుకు కొట్టుడు మొదలైనప్పుడు! కూలీల పిల్లలు తోటల్లో మోపులు కడుతుంటే తెలివంతా ఆసాముల ఇళ్లలోనే తేలింది మరి! కూలీల వాడ నుంచి ఒక్క రేణుక, కాలు బెణికి ఇంటి దగ్గరుండబట్టి, పరీక్ష రాసి ఆ గది ఎక్కింది. తల్లి ఈరవ్వ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

ఒకనాడు ఈరవ్వ కూతురికి సద్ది తీసుకెళ్లింది. చెరుకు కొట్టే ముఠా పెద్ద దాసు బిడ్డ, షెడ్డులో చదివే శారమ్మ ఆ గది ముందు ఊడుస్తూ, ఒక్క నిమిషం ఆగి బోర్డు చూసింది. "నీకెందుకే గది? ఊడ్చి పో!" అని లెక్కల సారు బెత్తంతో చేతి మీద కొట్టాడు. లోపల రేణుక తల వంచుకుంది.

సాయంత్రం వాడంతా కూడింది.

"రేపు పోరలందర్ని గా గదిల కూసోవెడదాం," అన్నాడు దాసు.

ఈరవ్వ కస్సుమంది. "నా బిడ్డ కష్టపడి ఎక్కింది. దాని నోటికాడి బుక్క గుంజుతరా? రానోళ్ల కోసం అది ఆగాల్నా?"

"ఏమే ఈరవ్వా," అంది ముసలి బాలవ్వ, "మొన్న నీకు జెరమొచ్చి నీ సాలు ఎనకవడ్డది. ముందుగాల కొట్టినోళ్లు ఇంటికి పోయిండ్రా?"

ఎవరూ పోలేదు. ఆ ముఠా ఆనవాయితీ అది. తన సాలు, అంటే తన వంతు చెరుకు వరుస, ముందు ముగించినవాళ్లు వెనకబడ్డవాళ్ల సాలు అటు కొస నుంచి కొట్టుకొస్తారు. అందరిదీ తెగాకే అందరూ ఇల్లు చేరతారు.

తెల్లారి పిల్లలతో సహా అందరూ బడికి నడిచారు. బడి కమిటీ పెద్ద బాపురావు, పెద్ద చెరుకు ఆసామి, ఈరవ్వను పక్కకు పిలిచాడు. "నీ బిడ్డ లోపల్నే ఉంది గదా, నీకేం తక్కువైంది? గీ గుంపును తోల్కపో. లేకుంటె దాని పేరు కొట్టేపిస్త."

ఈరవ్వకు నిజంగానే భయమేసింది. అయినా శారమ్మను లోపలికి తీసుకెళ్లి, "జర జరుగు బిడ్డా," అని రేణుక పక్కన కూర్చోబెట్టింది. వెనకే షెడ్డు పిల్లలంతా.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. దాసు తల పగలగొట్టారు. ఈరవ్వను, ఇంకొందరిని ఠాణాలో వేశారు. రేణుక పేరు కొట్టేశారు. ఆ పూట ఏ తోటలోనూ కత్తి ఆడలేదు. కూలీలంతా వచ్చి ఠాణా ముందు కూర్చున్నారు.

రేణుక ఠాణా కిటికీ పట్టుకుని ఏడ్చింది. "నా సీటు పాయెనే అవ్వా! నీ వల్లనే!"

"అవు బిడ్డా, నేనే పోగొట్టిన," అని ఈరవ్వా ఏడ్చింది.

అప్పుడే బాపురావు జీపు దిగాడు. తోటలో కొట్టిన చెరుకు ఎండుతోంది, దిగక ఏం చేస్తాడు! అందరూ వినేలా అన్నాడు: "రేణుకా, నువ్వు తెలివిగల్ల పిల్లవు. మీ అవ్వది తప్పయిందని ఒక్క మాట చెప్పు. రేపే నీ సీట్ల నువ్వు కూసో."

ఈరవ్వకు చెప్పమనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

రేణుక ముక్కు తుడుచుకుంది. "శారమ్మను గూడ తీస్కుంటవా పటేలా?"

బాపురావు మొహం తిప్పుకుని జీపు వైపు నడిచాడు.

"అట్లయితె నేను రాను," అని రేణుక వెళ్లి జనం మధ్యలో కూర్చుంది.