ఉగ్గుగిన్నె ముక్కులో నలుపు

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండిదాన్ని. గుప్పెట్లో ఇమిడిపోతాను. పసిబిడ్డ నోట్లోకి పాలు జారవిడవడానికి నాకో సన్నటి ముక్కు ఉంది. ఆ ముక్కుతోనే ఒక బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను.

నేను పుట్టింది తణుకులో, ఒక కంసాలి కుంపటి మీద. అంతకుముందు మంగతాయారు అత్తగారి కాళ్లకు కడియాలుగా ఉండేదాన్ని. కోడలు కడుపుతో ఉందని తెలియగానే ఆవిడ కడియాలు విప్పి ఇచ్చేసింది. కాళ్ల దగ్గర్నుంచి నోటి దగ్గరికి ఎదిగానని నాకు మహా గర్వం. మంగతాయారు కొడుకు గంగాధరం నా పాలే తాగి పెరిగాడు. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా నన్ను అరువు తీసుకెళ్లేవారు. పిల్లలందరూ బొద్దుగా ఎదిగారు. ఆ ఘనత ఆవుదా, తల్లులదా అని ఎవరూ అడగలేదు. నేనూ అది నాదేనని సర్దుకుని కూర్చున్నాను.

తర్వాత గంగాధరం కూతురు లాస్య పుట్టింది. తల్లి ఝాన్సీ బడిపంతులమ్మ. సెలవు అయిపోవచ్చింది. చంటిదానికి ఆవుపాలు అలవాటు చేద్దామని మంగతాయారు నన్ను బయటికి తీసింది.

నాలుగు గుక్కలు దిగాయి. కాసేపటికే లాస్య పెదాల చుట్టూ ఎర్రబడింది. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి.

"అమ్మవారు పోసిందే అమ్మాయ్!" మంగతాయారు చెంపలు వేసుకుంది. "గుమ్మానికి వేపమండ కట్టు. ఇంట్లో పోపు పెట్టకు."

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యగారూ."

"నీ మొగుడికి పోసినప్పుడు ఏ డాక్టరు చూశాడేంటి? అమ్మవారికి కోపం తెప్పించకు. చలవ చేస్తే అదే దిగిపోద్ది."

చలవ అంటే మజ్జిగ. మజ్జిగ పట్టేది నేను.

సాయంత్రానికి దద్దుర్లు అణిగాయి. మర్నాడు పల్చటి మజ్జిగ నాలో పోసి పట్టారు. మళ్లీ లేచాయి. అమ్మవారు ఇంకా శాంతించలేదని మరికాస్త చలవ చేశారు. నేరం నా ముక్కు చివర జరుగుతోంది. అందరూ గుమ్మానికి కట్టిన వేపాకు వైపు చూసి దణ్ణాలు పెడుతున్నారు. చెబుదామంటే నాకు నోరు లేదు.

ఆ మధ్యాహ్నం లాస్య తాగిన మజ్జిగంతా భళ్లున కక్కేసింది. కళ్లు వాచి మూసుకుపోయాయి. ఊపిరిలో సన్నటి ఈల వినపడింది. ఝాన్సీ ఇక ఎవర్నీ అడగలేదు. అత్తగారి ఒళ్లోంచి బిడ్డను లాక్కుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తి ఆటో ఎక్కింది. నేను నేల మీద దొర్లాను. నాలోంచి మజ్జిగ కారుతూనే ఉంది.

బిడ్డ బతికి ఇంటికొచ్చింది.

"అమ్మవారు కాదంట అత్తయ్యగారూ. పాలు పడట్లేదంట. ఎలర్జీ. పెరుగు, నెయ్యి, ఏవీ కూడదన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే..." ఝాన్సీ బిడ్డను భుజం మీదికి ఎత్తుకుంది.

మంగతాయారు గుమ్మానికి కట్టిన వేపమండ విప్పేసింది. నన్ను కడిగి, పాత రవికగుడ్డలో చుట్టి, బీరువా అడుగు అరలోకి తోసేసింది. ఆ రోజు నుంచి తన కాఫీలో పాలు మానేసింది. ఎవరైనా అడిగితే "పైత్యం చేస్తోంది" అనేది.

వెండి గాలికి నల్లబడుతుందంటారు. నాది గాలి పని కాదు. బీరువాలో ఆ నలుపుతోనే ఇంటి మాటలు వింటూ పడి ఉన్నాను.

"గేదెపాలు పట్టి చూడండి పిన్నిగారూ, పడనివి ఆవుపాలేగా?" అంది పొరుగింటి రాజ్యం.

"అవీ పడవు, మేకపాలూ పడవు. నీ సలహాలు నీ పిల్లలకి పోసుకో!" మంగతాయారు గొంతు అది.

ఇంకోసారి ఏదో పెళ్లి నుంచి వచ్చి ఝాన్సీ మొగుడితో నవ్వుతూ చెబుతోంది: "మీ అమ్మగారు పొయ్యిల దగ్గరే కాపలా ఉన్నారండీ. కూరలో పెరుగు పడిందా, నెయ్యి తగిలిందా అని వంటవాళ్లని పీక్కుతినేశారు."

చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ ఇది పోతుందని లాస్యను చూస్తున్న డాక్టరు ఫరీదా మొదట్లోనే చెప్పింది. ఇంట్లో మాత్రం ప్రయోగాలు చెయ్యొద్దంది. లాస్యను బడిలో వేసే వేళకు, పాలు కలిపి కాల్చిన బిస్కెట్టు ఆసుపత్రిలోనే తినిపించి చూశారు. ఏమీ కాలేదు. ఇక మిగిలింది అసలు పరీక్ష, పాలు.

పరీక్ష రోజు ఉదయం ఝాన్సీ నన్ను తీసి చింతపండుతో తోమింది.

"అదొద్దే అమ్మాయ్!" మంగతాయారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గిన్నేం చేసింది అత్తయ్యగారూ?"

"గిన్నేం చెయ్యలేదు. పట్టిన చెయ్యి నాది."

ఝాన్సీ నా తడి తుడిచింది. నన్ను సంచిలో వేసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో బల్ల మీద, పాలు పడకపోతే వెయ్యడానికి ఇంజెక్షను సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ కొలిచి నాలో ముందు బొట్టంత పాలు పోసింది. లాస్య తాగింది. అందరూ ఆ పెదాల వైపే చూస్తున్నారు. ఎర్రబడలేదు. కాసేపాగి ఇంకొంచెం, మళ్లీ ఆగి మరికొంచెం. మంగతాయారు మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. చివరి విడత దిగాక చాలాసేపు కనిపెట్టుకుని కూర్చున్నారు.

డాక్టరమ్మ గుండె, ఊపిరి విని తలెత్తింది. "పోయిందమ్మా. ఇక తాగొచ్చు."

"ఛీ! నేను తాగను. కంపు!" అంది లాస్య.

ఝాన్సీ నవ్వుతూనే ఏడ్చేసింది. లాస్య బల్ల మీది గ్లాసులో మిగిలిన పాలు నాలోకి ఒంపుకుని, గోడవైపున్న మనిషి దగ్గరికి నడిచింది.

"మామ్మా, నువ్వు తాగు. ఆ... అను."

మంగతాయారు కోడలి వైపు చూసింది. ఝాన్సీ తలూపింది. అప్పుడు ముసలి పెదాలు నా ముక్కును అందుకున్నాయి. సగం పాలు గడ్డం మీదుగా చీర మీదకి కారాయి.

ఇప్పుడు నేను వంటింటి అరలో, అందరికీ కనిపించేచోట ఉంటున్నాను. ఒళ్లంతా తళతళలాడుతోంది. ముక్కు లోపల, వేలు దూరనిచోట మాత్రం నలుపు అలాగే ఉంది. మంగతాయారు నన్ను కడిగినప్పుడల్లా కిటికీ వెలుతురుకు పట్టి ఆ సన్నటి కంతలోకి తొంగి చూస్తుంది. పుల్ల పెట్టి గీకదు. చూసి, మళ్లీ అరలో పెడుతుంది.