మేనత్త ఆపిన న్యూట్రినోలు

రోజూ పొద్దున్నే మేనత్త మేనకోడలితో వీధి మలుపు దాకా వెళ్ళి, కదిలిపోతున్న బస్సుని ఆగమనేది. డ్రైవరు బ్రేకు మీద కాలు వెయ్యకపోయినా బస్సు ఆగేది. ఆవిడ మాటకి వాన ఆగేది, పక్కింటి డ్రిల్లింగు మిషనూ ఆగేది. వీధిలో ఎవరికీ అది వింత కాదు. ఆవిడ మాట వినంది ఆవిడ కుడిచెయ్యి ఒక్కటే. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన ఆ చెయ్యి రెండేళ్ళుగా వణుకుతోంది. ఏ పరీక్ష చేయించినా ఏమీ లేదనే వచ్చేది. డాక్టరమ్మ మందులు మారుస్తూ పోయింది.

మేనకోడలి ఉద్యోగం కొండ కింద సొరంగంలో. న్యూట్రినోలనే కంటికందని రేణువులతో, బతికున్న జీవకణం లోపలి బొమ్మ తీయాలని అక్కడ ఆరేళ్ళుగా తంటాలు పడుతున్నారు. అవి దేన్నీ నొప్పించవు. గోడల్లోంచి, మనుషుల్లోంచి కోట్లకొద్దీ దూసుకుపోతాయి. చిక్కల్లా అదే, ఆగవు. ఆగితేనే ఫిల్ము మీద బొమ్మ పడేది. ఆమె రోజంతా మైక్రోస్కోపు కింద ఫిల్ము పలకలు వెతికేది. అన్నీ ఖాళీ. మెడ పట్టేసి ఇంటికొచ్చి, గిన్నెల మీద విసుగంతా చూపించేది.

అత్తని తీసుకొస్తానని అక్కడి పెద్దసారుని మూడుసార్లు అడిగింది. ఆయన కారు కూడా ఒకసారి ఆవిడ మాటకి ఆగిందే.

"ఆపుతారమ్మా, కాదన్నానా? రిపోర్టులో పద్ధతి అన్నచోట ఏం రాయను? మీ మేనత్తగారు ఆగమన్నారని రాయనా?"

నాలుగోసారి అడగలేదు. ఆయన సెలవు పెట్టిన రోజు అత్తకి గేటు దగ్గర చీటీ రాయించి లోపలికి తీసుకెళ్ళి, వణికే చేతిని రెండు పలకల మధ్య పెట్టించింది. ఎదురుగా ఎవరూ కనపడక అత్త కాస్త మొహమాటపడింది.

"కాస్త ఆగండమ్మా. మా పిల్ల చూసుకుంటుంది."

పలక కడిగితే నరం లోపలి పోగులు ఒక్కొక్కటీ తేలాయి. ఒకచోట నాలుగు పోగులు మెలిపడి ఉన్నాయి. దారం చిక్కుపడిందే అంది అత్త. ఆ సాయంత్రమే బొమ్మ తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరమ్మ తను ఇన్నాళ్ళూ మందిచ్చింది ఈ జబ్బుకి కాదని ఒప్పుకుని, వైద్యం మార్చింది.

పెద్దసారు తిరిగొచ్చి పలకని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని పాడైన పలకల పెట్టెలో వేయించాడు. మేనకోడలు ఎంత వాదించినా వినలేదు. మర్నాటి నుంచి మళ్ళీ అవే ఖాళీ పలకలు.

మూడు నెలలకి ఒక పొద్దున, అత్త జాకెట్టుకి గుండీలు పెడదామని ఆమె అలవాటుగా ఆవిడ గదిలోకి వెళ్ళింది. గుండీలన్నీ పెట్టుకుని అత్త అద్దం ముందు నిలబడి ఉంది.

"ఇటు తిరుగు," అంటూ, మేనకోడలి మణికట్టు దగ్గర ఊడి ఉన్న గుండీ కుడిచేత్తో పెట్టింది.