చిల్లు బండ

నాన్న చొక్కా కాలరుకు సబ్బు రాసి బండ మీద రుద్దుతున్నాను. నురుగంతా బండ మధ్యనున్న గుండ్రటి చిల్లు దాకా పాకి, గుటక వేసినట్టు చప్పుడు చేసి కిందికి దిగిపోతోంది.

ఆ బండ వచ్చి వారమైంది. మా పొలంలో చుట్టూ రాళ్ళు పేర్చిన మట్టి దిబ్బలు రెండున్నాయి. ఇనుము కొత్తగా చేతికొచ్చిన కాలపు మనుషులు తమవాళ్ళను అక్కడ పూడ్చారట. నాన్న ఏటా వాటిని తప్పించి దున్నేవాడు. ఈసారి పిన్ని కాన్పుకి సాయంగా అమ్మ ఊరెళ్ళగానే, “చచ్చినవాళ్ళు కౌలిస్తారా?” అంటూ ట్రాక్టరు పిలిపించి చిన్నదిబ్బను చదును చేయించాడు. దాని మీది పలకరాయిని తెచ్చి, పెరట్లో ఇటుకల మీద ఎత్తుగా వేయించాడు.

“రాజుగారి నెత్తిమీద ఉతుకుతున్నావే! ఎంతమందికి దక్కుతుంది?” అంటాడు.

నాకు నవ్వు రాదు. మిట్టమధ్యాహ్నం ఎండకు బండంతా ఆరినా, చిల్లు చుట్టూ జానెడు మేర తడి ఆరదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వీధి తలుపు చప్పుడైంది. అమ్మ వచ్చింది. సంచీ దించకుండానే పెరటి గుమ్మంలో ఆగిపోయింది.

“ఈ బండ ఎక్కడిది?”

“చిన్నదిబ్బది,” అన్నాడు నాన్న వెనకే వచ్చి, మురిసిపోతూ. “నీ నడుంనొప్పికి మందు. ఇక వంగక్కర్లేదు.”

“కింద ఏమున్నాయి?”

“ఏముంటాయి, లంకెబిందెలా? కుండపెంకులు, ఎముకలు. ఎన్ని వేల ఏళ్ళవో.”

“అన్నీనా?”

నాన్న నవ్వు సగంలో ఆగింది. “కొన్ని మరీ సన్నగా ఉన్నాయి. ఏ మేకపిల్లవో అనుకున్నా.”

అమ్మ సంచీ జారిపోయింది. వచ్చి, నేను ఉతుకుతున్న చొక్కాను పక్కకు నెట్టి, చిల్లు మీద అరచెయ్యి మూసిపెట్టింది.

నాకంటే ముందు పుట్టి, ఒక్కరోజే బతికిన అన్నయ్య ఒకడు ఉండేవాడని నాకు తెలుసు. అప్పుడు నాన్న పని మీద దూరంగా ఉన్నాడు. ఎక్కడ పెట్టారో నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ నాన్నకు కూడా చెప్పనివ్వలేదు. చోటు తెలిస్తే మనసు అక్కడే తిరుగుతుందనేది.

“ఒక్కడే ఉండలేడని పెద్దవాళ్ళ దగ్గర పెట్టాం,” అంది అమ్మ. “రాయి అంచు కింద తవ్వి, ఈ చిల్లు దాకా జరిపాం. గాలాడుతుందని.” తల ఎత్తకుండానే అడిగింది. “ఆ మట్టి ఎక్కడ పోయించారు?”

“బాట గుంతల్లో…”

బాట మీద ఏదో బండి పోతున్న చప్పుడు. ముగ్గురం విన్నాం.

నాన్న వంటింట్లోకి వెళ్ళాడు. మేకుకు వేలాడుతున్న పిండి జల్లెడ తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధి గుమ్మం దాటాడు.